తేనె నిల్వ మరియు వినియోగం

తేనె నిల్వ అనగా పట్టు నుండి తీసిన తేనెను రుచి, వాసన, గుణం చెడకుండా నెలల తరబడి దాచుకొనే పద్ధతి. ఒక సీసాడు తేనెకు దీని అవసరం అంతగా కనబడదు. కానీ తేనెటీగలను పెంచేవారికి, అడవి తేనె సేకరించే గిరిజన కుటుంబాలకు, ఏడాదికి సరిపడా తేనెను ఒకేసారి కొనుక్కొనే గృహస్థులకు 10, 20 కిలోల తేనె ఒక్కసారిగా చేతికి వస్తుంది. తేనె ఎన్నటికీ పాడవదనే నమ్మకం ప్రజలలో బలంగా ఉంది. అయితే ఇది సగం మాత్రమే నిజం. చిక్కగా ఉండి, గాలి చొరని పాత్రలో ఉన్న తేనె ఏళ్ళ తరబడి నిలుస్తుంది. నీటి శాతం ఎక్కువగా ఉన్న తేనె కొద్ది వారాలలోనే పులిసిపోవచ్చు. మరోవైపు, గడ్డకట్టిన మంచి తేనెను కల్తీ అని భావించి పారబోయడం కూడా జరుగుతూ ఉంటుంది. ఈ రెండు విధాలైన నష్టాలకూ మూలం తేనెలోని నీటిని గురించి, చక్కెరలను గురించి సరైన అవగాహన లేకపోవడమే.

తేనె నిలవ ఉండడానికి కారణాలు

తేనెలో సగటున 38 శాతం ఫ్రక్టోజు, 31 శాతం గ్లూకోజు, 17 శాతం నీరు ఉంటాయి. మిగిలిన భాగం ఇతర చక్కెరలు, ఆమ్లాలు, ఖనిజ లవణాలు, ఎంజైములు మొదలైనవి. తేనెటీగలు పలుచని మకరందాన్ని పట్టుకు తెచ్చి, రెక్కలతో విసరుతూ దానిలోని నీటిని ఆవిరి చేస్తాయి. తేనె తగినంత చిక్కబడిన తరువాత ఆ గదికి మైనంతో మూత వేస్తాయి. కాబట్టి మూత వేసిన గదులు ఎక్కువగా ఉన్న పట్టు నుండి తీసిన తేనె పక్వమైన తేనె. మూత వేయని గదుల తేనె పచ్చి తేనె, అందులో నీరు ఎక్కువ.

ఇంత తక్కువ నీటిలో ఇంత ఎక్కువ చక్కెర కరిగి ఉండడం వలన సూక్ష్మజీవులు పెరగడానికి కావలసిన నీరు వాటికి దొరకదు. దీనికి తోడు తేనెకు ఆమ్ల గుణం ఉంది. దాని పీహెచ్ సగటున 3.9. గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ వలన గ్లూకోనిక్ ఆమ్లం, కొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడు కూడా తయారవుతాయి. ఈ రక్షణలలో ప్రధానమైనది నీరు తక్కువగా ఉండడమే.

నీటి శాతం - పులియడం

తేనెలో సహజంగానే ఈస్ట్ కణాలు ఉంటాయి. ఇవి మామూలు ఈస్ట్‌ల కంటే ఎక్కువ గాఢత గల చక్కెరను తట్టుకోగలవు. నీరు 17.1 శాతం కంటే తక్కువగా ఉంటే ఈ కణాలు ఎన్ని ఉన్నా తేనె పులియదు. 17 నుండి 19 శాతం మధ్య అది కణాల సంఖ్యపై ఆధారపడి ఉంటుంది. 20 శాతం దాటితే పులిసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ కూడా సాధారణ తేనెకు 20 శాతాన్నే గరిష్ఠ పరిమితిగా నిర్ణయించింది.

కొండ చరియలకు, పెద్ద చెట్లకు పట్టు పెట్టే కొండ తేనెటీగల తేనెలో నీరు తరచు 20 శాతం దాటుతుంది. నల్లమల అడవులలోని చెంచులు, తూర్పు కనుమలలోని ఇతర గిరిజనులు సేకరించే తేనెలో ఇది ముఖ్య భాగం. పట్టును చేతితో పిండినప్పుడు పచ్చి తేనె, పుప్పొడి, పిల్ల పురుగుల రసం కూడా కలిస్తే ఆ తేనె మరింత త్వరగా పులుస్తుంది. 1956లో ఏర్పడి, విశాఖపట్నం కేంద్రంగా పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ గిరిజనుల నుండి తేనెను కొని, శుద్ధి చేసి అమ్ముతుంది. సేకరించినవారికి అందే విలువ తేనె పులియకుండా కొనుగోలు కేంద్రానికి చేరడంపై ఆధారపడి ఉంటుంది. అందువలన మూత వేసిన భాగాన్ని వేరుగా కోసి, గుడ్డలో వడగట్టి, పచ్చి తేనెతో కలపకుండా ఉంచడం మేలు.

పులిసిన తేనెను గుర్తించడం సులభం:
* పైన నురగ కడుతుంది, లోపల నుండి బుడగలు వస్తాయి.
* పుల్లని లేదా కల్లు వంటి వాసన వస్తుంది.
* సీసా మూత ఉబ్బుతుంది. బిగించిన గాజు సీసాలు పగిలిపోవచ్చు కూడా.

వడగట్టిన కొత్త తేనెపై మొదటి ఒకటి రెండు రోజులు తేలే గాలి నురగకు, పులియడానికి సంబంధం లేదు. అది వడకట్టేటప్పుడు చేరిన గాలి మాత్రమే.

పాత్రలు, నిల్వ స్థలం

తేనె నీటి కంటే బరువైనది. ఒక లీటరు తేనె దాదాపు 1.4 కిలోలు తూగుతుంది. కాబట్టి 20 కిలోల తేనెకు సుమారు 14 లీటర్ల పాత్రలు చాలు. మొత్తం తేనెను ఒకే డబ్బాలో ఉంచడం కంటే చిన్న సీసాలలోకి పంచుకోవడం మంచిది. పెద్ద డబ్బాను రోజూ తెరిస్తే ప్రతిసారీ తేమ లోపలికి చేరుతుంది. ఒక సీసా పులిసినా మిగిలినవి దక్కుతాయి. గడ్డకట్టినప్పుడు కూడా చిన్న సీసాను కరిగించడం తేలిక.

గాజు, స్టెయిన్‌లెస్ స్టీలు, ఆహార పదార్థాలకు తగిన ప్లాస్టిక్ పాత్రలు తేనెకు అనుకూలం. తేనెలోని ఆమ్లాల వలన ఇనుము, రాగి, జింకు పూత వేసిన రేకు డబ్బాలు పనికిరావు. పచ్చళ్ళ జాడీలు వాడవచ్చును గానీ, వాటికి గుడ్డతో వాసెన కట్టడం తేనెకు చాలదు. తేనె గాలిలోని తేమను పీల్చుకొంటుంది. సుమారు 17 శాతం నీరున్న తేనె గాలిలో 58 శాతం తేమతో సమతూకంలో ఉంటుంది. అంతకంటే ఎక్కువ తేమ ఉన్నచోట తెరచి ఉంచితే పైపొర క్రమంగా పలుచబడుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర ప్రాంతాలలో గాలి తేమ సంవత్సరంలో ఎక్కువ కాలం ఈ స్థాయిని మించి ఉంటుంది. కాబట్టి అక్కడ మరలు గల బిగువైన మూత తప్పనిసరి. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టకూడదన్న నియమం తేనెకు కూడా వర్తిస్తుంది.

తేనెను ఇంట్లో చల్లగా, చీకటిగా ఉండే చోట ఉంచాలి. పొయ్యి పక్కన, ఎండ తగిలే కిటికీ వద్ద ఉంచరాదు. చిక్కని తేనెకు ఫ్రిజ్ అవసరం లేదు. నీరు ఎక్కువగా ఉన్న తేనెను మాత్రం ఫ్రిజ్‌లో ఉంచడం ప్రయోజనకరం. 10 డిగ్రీల సెంటీగ్రేడు కంటే తక్కువ ఉష్ణోగ్రతలో ఈస్ట్ పులియబెట్టలేదు.

పేరుకోవడం

చలికాలంలో నెయ్యి పేరుకొన్నట్లే తేనె కూడా పేరుకొంటుంది. కానీ కారణం వేరు. తేనెలో నీరు కరిగించుకోగలిగిన దాని కంటే ఎక్కువ గ్లూకోజు ఉంటుంది. ఈ అదనపు గ్లూకోజు స్ఫటికాలుగా విడిపోవడమే పేరుకోవడం. గ్లూకోజు ఎక్కువగా ఉన్న తేనె త్వరగాను, ఫ్రక్టోజు ఎక్కువగా ఉన్న తేనె నెమ్మదిగాను పేరుకొంటాయి. ఉదాహరణకు, ఆవ పూల తేనె కొద్ది వారాలలోనే గట్టిపడుతుంది. ఇది 14 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద అత్యంత వేగంగా జరుగుతుంది. అందుకే అరకు, ఆదిలాబాదు ప్రాంతాలలో శీతాకాలపు రాత్రులలో తేనె గట్టిపడడం సాధారణం.

పేరుకోవడం కల్తీకి గుర్తు కాదు. పేరుకోకపోవడం స్వచ్ఛతకు గుర్తు కూడా కాదు. నీటిలో చుక్క వేసి చూడడం, తేనెలో ముంచిన వత్తిని వెలిగించడం వంటి ఇంటి పరీక్షలు ప్రధానంగా తేనె చిక్కదనాన్ని, నీటి పాలును తెలుపుతాయి. చిక్కని చక్కెర పాకం కూడా వీటిలో నెగ్గగలదు.

పేరుకొన్న తేనెలో ఒక ప్రమాదం మాత్రం ఉంది. గ్లూకోజు స్ఫటికాలుగా విడిపోయినప్పుడు మిగిలిన ద్రవ భాగంలో నీటి శాతం పెరుగుతుంది. అందువలన అప్పటి వరకు బాగున్న తేనె పేరుకొన్న తరువాత పులియడం మొదలుపెట్టవచ్చు. పైన ద్రవం, అడుగున గడ్డ ఏర్పడిన సీసాలను ముందుగా వాడుకోవాలి.

పేరుకోవడాన్ని లాభంగా మార్చుకొనే పద్ధతి కూడా ఉంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎల్టన్ డైస్ 1935లో దీనికి పేటెంటు పొందాడు. సన్నని స్ఫటికాలు గల తేనెను పదో వంతు కలిపి, దాదాపు 14 డిగ్రీల వద్ద వారం రోజులు ఉంచితే మొత్తం తేనె వెన్నలా మెత్తగా గట్టిపడుతుంది. దీనిని క్రీమ్ తేనె అంటారు. ఇది రొట్టెపై రాసుకోవడానికి అనుకూలం.

వేడి ప్రభావం

గట్టిపడిన తేనెను కరిగించడానికి సీసాను 40 - 45 డిగ్రీల గోరువెచ్చని నీటిలో ఉంచాలి. నేరుగా పొయ్యిపై పెట్టరాదు. వేడి వలన వాసన, ఎంజైములు నశిస్తాయి, రంగు ముదురుతుంది, హైడ్రాక్సీమిథైల్ ఫర్‌ఫ్యురాల్ అనే పదార్థం పెరుగుతుంది. దీనికి కోడెక్స్ పరిమితి కిలోకు 40 మిల్లీగ్రాములు. ఉష్ణమండల దేశాల తేనెకు 80 మిల్లీగ్రాములు. ఇది 40 మిల్లీగ్రాములకు చేరడానికి 40 డిగ్రీల వద్ద సుమారు 20 నుండి 50 రోజులు, 60 డిగ్రీల వద్ద ఒకటి నుండి రెండున్నర రోజులు, 70 డిగ్రీల వద్ద 5 నుండి 14 గంటలు పడుతుంది. వేసవిలో రేకుల కప్పు కింద ఉంచిన తేనె కూడా ఇదే విధంగా నాణ్యత కోల్పోతుంది.

ఆయుర్వేద గ్రంథమైన చరకసంహిత వేడి చేసిన తేనెను నిషేధించింది. ఆధునిక ప్రమాణాలలో మాత్రం పై పరిమితి తేనె తాజాదనాన్ని, అతిగా వేడి చేయలేదన్న విషయాన్ని తెలిపే కొలమానం.

వినియోగం

ఎక్కువ తేనె ఉన్నప్పుడు పాటించవలసిన క్రమం: మొదట పలుచని తేనె, తరువాత పేరుకొన్న తేనె, చివరగా చిక్కని పక్వమైన తేనె. ఎంత కాలానికి సరిపోతుందో కూడా లెక్క వేసుకోవచ్చు. ఒక పెద్ద చెంచా తేనె సుమారు 21 గ్రాములు. నలుగురున్న ఇంట్లో తలా ఒక చెంచా చొప్పున వాడితే రోజుకు 84 గ్రాములు. ఆ లెక్కన 20 కిలోలు దాదాపు ఎనిమిది నెలలు వస్తాయి.

* వంటలో: పాయసం వంటి వాటిలో బెల్లానికి బదులు, దించి ఆరిన తరువాత కలిపితే తేనె వాసన నిలుస్తుంది. కేకులలో ఒక కప్పు పంచదారకు బదులు ముప్పావు కప్పు తేనె వేసి, ఇతర ద్రవాన్ని పావు కప్పు తగ్గించాలి. తేనెకు త్వరగా రంగు వస్తుంది కనుక ఓవెన్ వేడిని సుమారు 15 డిగ్రీలు తగ్గించాలి.
* ఊరబెట్టడానికి: ఉసిరికాయలను, అల్లం ముక్కలను తేనెలో ఊరవేస్తారు. వాటిలోని నీరు తేనెలోకి దిగి దానిని పలుచన చేస్తుంది. అందువలన కాయలను ముందుగా ఆరబెట్టాలి. ఊరిన తరువాత ఫ్రిజ్‌లో ఉంచి త్వరగా వాడుకోవాలి.
* పూజలలో: పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదార కలిపి పంచామృతం చేస్తారు.
* పానీయాలలో: తేనెకు నీరు కలిపి ఈస్ట్‌తో పులియబెట్టి చేసే మద్యం చాలా దేశాలలో ఉంది. ఇథియోపియాలో గేషో అనే మొక్కను చేర్చి చేసే ఈ మద్యాన్ని తెజ్ అంటారు. సంస్కృతంలో మధు అనే పదానికి తేనె, మద్యం అనే రెండు అర్థాలూ ఉన్నాయి. దీని తయారీ మద్య చట్టాల పరిధిలోకి వస్తుంది.

పులియడం అప్పుడే మొదలైన తేనెను 63 డిగ్రీల వద్ద అరగంట ఉంచితే ఈస్ట్ నశిస్తుంది. దానిని వంటకు వాడుకోవచ్చు గానీ తిరిగి నిల్వ తేనెలో కలపరాదు.

జాగ్రత్తలు

ఏడాది నిండని శిశువులకు తేనె ఇవ్వరాదు. పుట్టిన బిడ్డకు తేనె నాకించే ఆచారం తెలుగు కుటుంబాలలోనూ ఉంది. తేనెలో క్లాస్ట్రీడియం బొటులినం అనే బాక్టీరియా బీజాలు ఉండవచ్చు. పెద్దవారికి ఇవి హాని చేయవు. కానీ శిశువుల పేగులలో ఇవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. శిశు బొటులిజం అనే ఈ వ్యాధిని 1976లో గుర్తించారు. మలబద్ధకం, పాలు సరిగా తాగలేకపోవడం, ఏడుపు బలహీనపడడం, మెడ వాలిపోవడం దీని లక్షణాలు. శ్వాస కండరాలు దెబ్బతింటే ప్రాణాపాయం కలుగుతుంది. మామూలుగా మరిగించినా ఈ బీజాలు చావవు. తేనె ఎంత స్వచ్ఛమైనదైనా, ఇంటి పట్టు నుండి తీసినదైనా ఈ నియమం మారదు.

100 గ్రాముల తేనెలో సుమారు 304 కిలోకేలరీల శక్తి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తేనెలోని చక్కెరలను కూడా పరిమితంగా తీసుకోవలసిన చక్కెరల కిందనే లెక్కిస్తుంది. మధుమేహం ఉన్నవారికి తేనె పంచదారకు హాని లేని ప్రత్యామ్నాయం కాదు. ఇంట్లో తేనె ఎక్కువగా ఉన్నప్పుడు దానిని పంచదార, బెల్లాలకు బదులుగా వాడాలే తప్ప వాటికి అదనంగా వాడరాదు.

మిగిలిన తేనెను తేనెటీగలకు మేతగా పెట్టడం కూడా మంచిది కాదు. వేరే చోటి తేనెలో ఉండే వ్యాధి బీజాలు, ముఖ్యంగా అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ వ్యాధి బీజాలు, ఆరోగ్యంగా ఉన్న పట్టుకు సోకవచ్చు.

ఇవి కూడా చూడండి
* తేనెటీగ
* తేనెటీగల పెంపకం
* పంచామృతం