పింఛను కాలపు పలనాడు

ఉద్యోగవిరమణమునకు ఇన్నేండ్లని తెలుగునాట గట్టిగా నిలిచిన నిర్ణయము లేదు. 1983లో ఆ వయస్సును 55కు దించిరి. పిదప 58కి మరల్చిరి. ఆంధ్రప్రదేశమున అది 2014లో 60, 2022లో 62 అయినది. అంకె యేదైనను ఆ సాయంకాలము మాత్రము ఒక్కతీరుననే గడచును. ఒక శాలువా, ఒక పూలదండ, నాలుగు ప్రసంగములు, చివరకు ఒక గోడగడియారము. ఇకమీదట కాలము నెట్లు గడుపుదునా యని దిగులుపడుచున్నవానికి గడియారమునే బహూకరించుటలోని చమత్కారము సభలవారికి ఇంతవరకు తట్టినట్లు లేదు.

అసలు కథ మరునాటి ఉదయము మొదలగును. నరసరావుపేట, మాచర్ల, గురజాల మొదలగు ఊళ్లలో పింఛనుదారులు తక్కువ కారు. బడిపంతుళ్లు, రెవిన్యూ ఉద్యోగులు, సాగరు కుడికాలువ వచ్చిన పిదప నీటిపారుదల శాఖలో తల నెరసినవారు, బ్యాంకులవారు. మొదటి నెల బంధువుల యిండ్లతోను, తీర్థయాత్రతోను సరిపోవును. రెండవ నెలలో దినపత్రికను టెండరు ప్రకటనలతో సహా చదువుదురు. మూడవ నెలకు వంటయింటి వ్యవహారములలో తలదూర్చుట ఆరంభమగును. అప్పుడే కొందరు పెరటిలోనికి, కొందరు కెమెరా వైపునకు, మరికొందరు ఊరి చివరి రాళ్ల వైపునకు తప్పుకొందురు. వేర్వేరుగా కనబడు ఈ మూడు దారులును కొంతదూరము పోయిన పిమ్మట ఒకదానితో ఒకటి కలిసికొనుట పలనాటి విశేషము.

పలనాట తోటపనిని ప్రశాంతవ్యాసంగమని చెప్పువారు ఆ సీమలో ఒక్క వేసవియు గడపినవారు కారు. రెంటచింతల ఎండ పేరు రాష్ట్రమంతట తెలిసినదే. మే నెలలో ప్రొద్దెక్కిన తరువాత కుండీలో పోసిన నీరు మొక్కకు చేరునో, ఆకాశమునకు చేరునో చెప్పలేము. దానికి తోడు నేల. ఒకచోట నల్లరేగడి, వానకు బంక, ఎండకు పగుళ్లు. వేరొకచోట పలుగు దిగకముందే రాయి తగులును. ఈ సీమ రాతిలోను, మట్టిలోను, బావినీటిలోను సున్నము సమృద్ధి. పిడుగురాళ్ల సున్నపు బట్టీలును, చుట్టుపట్ల సిమెంటు కర్మాగారములును ఆ సమృద్ధిమీదనే బ్రతుకుచున్నవి. గోడకు మేలుచేయు ఆ సున్నమే నిమ్మమొక్కకు శత్రువు. మట్టిలో ఇనుము ఉన్నను సున్నము వలన అది వేళ్లకు అందదు. లేతాకులు పసుపుబారి, ఈనెలు మాత్రము పచ్చగా మిగులును. దాహమనుకొని కొత్త తోటమాలి మరింత నీరు పోయును. తెగులు మరింత ముదురును. దానికి మందు అన్నభేది. లీటరు నీటికి అయిదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మఉప్పు కలిపి, చల్లనిపూట ఆకులు తడియునట్లు చల్లవలెను. కలిపినదానిని కలిపినప్పుడే వాడవలెను. ఒకటి రెండు పర్యాయములతో ఆకు తేరుకొనును. ఈ చిన్న రసాయనశాస్త్రము తెలిసిన దినమున పింఛనుదారునకు కలుగు సంతోషము, ఉద్యోగములో పైమెట్టు ఎక్కిన దినమున కూడ కలిగియుండదు.

ఇచట ఒక సంగతి చెప్పక తప్పదు. పెరడు అదివరకు యజమాని లేని సీమ కాదు. ముప్పది యేండ్లుగా కరివేపచెట్టును, మల్లెపందిరిని, తులసికోటను చూచుకొన్న ఇల్లాలికి విరమణ వయస్సును ఏ ప్రభుత్వమును నిర్ణయింపలేదు. భర్తగారు ఒకనాడు పలుగు చేతబట్టి, ఇక్కడ గులాబీలు పెట్టెదనని శాసించును. “అక్కడ నిన్ననే గోంగూర విత్తులు చల్లితినండీ, కాలు పెట్టకండి” అని వంటయింటినుండి సమాధానము వచ్చును. తోటలో ఆయన నేర్వవలసిన మొదటి పాఠము అదియే. మొక్కల పేర్లును, వేళలును, గుణములును ఆమెకు తెలిసినన్ని ఆయనకు తెలియవు.

పేర్ల ప్రసక్తి వచ్చినది గనుక, తెలుగుసీమలో ఉద్యోగముచేసి విరమించిన ఒక దొరను స్మరించుట యుక్తము. వాల్టర్ ఇలియట్ ఉత్తర సర్కారులకు కమిషనరుగా నుండెను. మొక్కలకు మన జనులు పెట్టుకొన్న తెలుగు పేర్లను సేకరించి, వానిని శాస్త్రీయనామములతో జతపరచి 1859లో ‘ఫ్లోరా ఆంధ్రికా’ యను పట్టికను మదరాసున ప్రకటించెను. 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరిన అమరావతిలో, 1845లో స్తూపపు దిబ్బను త్రవ్వించి చెక్కుడు ఫలకములను మదరాసునకు పంపినవాడును ఆయనయే. 1860లో ఉద్యోగము విరమించి స్కాట్లండులోని తన స్వగ్రామమునకు చేరెను. అచట ఇరువది యేడేండ్లు పక్షులు, మొక్కలు, పాతనాణెములు ఆయనకు వ్యాపకములు. చూపు దాదాపు పోయిన దశలో దక్షిణభారత నాణెములపై గ్రంథము సిద్ధపరచెను. అది 1886లో వెలువడెను. 1887 మార్చి 1న మరణించిన నాటి ఉదయమున కూడ తమిళ విద్వాంసుడైన పోప్‌నకు ఒక లేఖ చెప్పి వ్రాయించి, తానే సంతకము చేసెనట! ఫలకములు సముద్రము దాటిపోవుటను మెచ్చుకొనవలసిన పని లేదు. కాని ఆ విశ్రాంతిని మాత్రము మెచ్చుకొనకుండుట కష్టము.

ఆ ఫలకములు మదరాసులో ఉన్న కాలముననే, 1858లో, లీనియస్ ట్రైప్ అను సైనికాధికారి వానికి ఛాయాచిత్రములు తీసెను. అవి మనదేశమున పురావస్తువులకు తీసిన తొలి చిత్రములలో చేరును. అంతకు పూర్వము అమరావతికి దక్కినది చిత్రలేఖనమే. 1797లో అచటికి వచ్చిన కాలిన్ మెకంజీ, 1816లో మరల వచ్చి ఫలకములకు బొమ్మలు వ్రాయించెను. ఈ నడుమ ఎన్నియో రాళ్లు ఇండ్ల మెట్లలోనికి పోయెను. ఎన్నియో సున్నముగా కాల్చబడెను. నిమ్మమొక్కను పచ్చబార్చు సున్నమే బుద్ధుని కథలను కూడ మ్రింగినది. నేడు కొన్ని ఫలకముల రూపము మెకంజీ బొమ్మలలో తప్ప వేరొకచోట లేదు.

కెమెరా పట్టిన పింఛనుదారుడు ఈ సంగతి వెంటనే గ్రహింపడు. అతడు మొదట ఎత్తిపోతలకు పోవును. చంద్రవంక సుమారు డెబ్బదియడుగులు దుముకు ఆ దృశ్యమును ఇదివరకు వేలమంది తీసినట్లే తానును తీయును. పిదప శివరాత్రికి కోటప్పకొండ. ఆకాశమునంటు ప్రభలు, దీపములు, జనము. అవి అందమైన చిత్రములే. కాని ఆ చిత్రము తాను తీయకున్నను ఎవరో ఒకరు తీయుదురు. ఊరి చెరువుగట్టున ఒరిగియున్న వీరశిలను మాత్రము తాను తీయకున్నచో ఎవరును తీయరు. మూడవ దారి మొదలగునది అచట.

రాతిమీది అక్షరమును చిత్రించుట ప్రభను చిత్రించుట వంటిది కాదు. మిట్టమధ్యాహ్నము తీసినచో అది ఉత్త రాయి. ప్రొద్దుటను, సాయంత్రమును ఏటవాలుగా పడు వెలుతురులో గాడి గాడికి నీడ ఏర్పడి, కనబడని వరుసలు కనబడును. చేతిలో అద్దముండినచో ఆ వెలుతురును ప్రక్కకు మరల్చుకొనవచ్చును. సుద్దతోను, పిండితోను అక్షరములను దిద్దుట మహాపరాధము. దిద్దినవాడు చదివినట్లే తరువాతివారును చదువవలసివచ్చును. రాతి ప్రక్కన అడుగుబద్ద నుంచవలెను. ఊరు, స్థలము, దిక్కు, తేది వ్రాసికొనవలెను. శాసనశాఖవారు తడికాగితము నంటించి, కుంచెతో కొట్టి, మసి అద్ది తీయు ప్రతికి ఇది సాటి రాదు గాని, వారిని అచటికి రప్పించుటకు ఇది చాలును.

రప్పించిన దృష్టాంతము పలనాటనే కలదు. సూరపరాజు వెంకటరామయ్య అను స్థానిక ఉపాధ్యాయుడు, మాచర్లకు ఆవల కృష్ణ యొడ్డున కొండల నడుమ ఒక ప్రాచీన స్తంభమును చూచి మదరాసు ప్రభుత్వమునకు తెలియజేసెను. శాసనశాఖలోని తెలుగు సహాయకుడు రంగస్వామి సరస్వతి 1926లో ఆ తావును పరిశీలించెను. 1927 మొదలు లాంగ్‌హర్స్ట్ త్రవ్వించెను. అదియే నాగార్జునకొండ, ఇక్ష్వాకుల విజయపురి. 1955 డిసెంబరు 10న సాగరు ఆనకట్టకు శంకుస్థాపన జరిగెను. అప్పటికే ఆర్. సుబ్రహ్మణ్యము ఆధ్వర్యమున త్రవ్వకములు మరల మొదలై, 1960 వరకు లోయ అంతట సాగెను. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. కొన్ని కట్టడములను కొండపైకిని, అనుపునకును తరలించి నిలిపిరి. మిగిలిన నగరమంతయు నేడు నీటిక్రింద నున్నది. దానిని చూడవలెనన్నచో ఆనాటి పటములును, ఛాయాచిత్రములును, కొలతలునే శరణ్యము. ఆ ఉపాధ్యాయుడు ఆ స్తంభమును చూచి ఊరకుండినచో, లోయ మునిగిన నాటికి ఏమేమి తెలిసియుండెడిదో ఊహించుటకే కష్టము.

నీరు ముంచకపోయినను ముంచునవి వేరే కలవు. రహదారి వెడల్పగునప్పుడు తొలగు రాయి. జీర్ణోద్ధరణము పేర ఎనామిలు రంగు పూసికొనిన శాసనము. గచ్చులో సగము కూరుకొనిన శిల. ఇవి ఎవరో దుర్మార్గులు చేయు పనులు కావు. భక్తులును, గుత్తేదారులును మంచి మనసుతోనే చేయుదురు. అందువలననే ముందుగా ఒక చిత్రము తీసియుంచుట అవసరము.

చిత్రము ఒక్కటియు చాలదు. కార్తీక అమావాస్యకు కారెంపూడిలో వీరుల యుత్సవము ప్రారంభమగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని అయిదు దినములు. నాగులేటి యొడ్డున వీరుల ఆయుధములైన కొణతములకు పూజలు జరుగును. అక్కిరాజు ఉమాకాంతము 1911లో ‘పల్నాటి వీరచరిత్ర’ను ప్రకటించెను, అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ వీరవిద్యావంతుల గానమును సేకరించి 1982లో ఆంగ్లమున గ్రంథముగా వెలువరించెను. ఐనను, వీరుల గుడిలో ఏ శిల ఎవరిదో, ఏ దినమున ఏ మ్రొక్కు ఎందులకో అడిగినచో, పుస్తకము చెప్పనిది పక్కనున్న వృద్ధుడు చెప్పును. నూరు చిత్రములు తీసికొనిపోయి ఒక్క పేరును అడుగని పింఛనుదారుడు సగముపనియే చేసినవాడు.

కొందరు ఈ నియమమును నోటుపుస్తకములో పాటించుచున్నారు. ఎడమ పుటలో చిత్రపు సంఖ్య, కుడి పుటలో చెప్పినవారి మాట. పెరటి మొక్కలకును అదే పుస్తకము. గొర్రెలకాపరి చెప్పిన పేరు ఒకటి, ఇల్లాలు చెప్పిన పేరు వేరొకటి యైనచో రెండును వ్రాయుదురు. ప్రతులు తీయించి ఒకటి ఊరి కళాశాల గ్రంథాలయమున, ఒకటి దేవాలయ ధర్మకర్తలవద్ద ఉంచుట మంచిది. మూడవది ఫోనులో నుండును. మనుమడు ఆటలకు చోటు చాలలేదని తుడిచివేయునది అదియే.