2000లో వచ్చిన మూడు రెండో ఆల్బమ్‌లు

2000 సంవత్సరంలో మన దేశపు బ్యాండ్లు మూడు తమ రెండో స్టూడియో ఆల్బమ్‌ను విడుదల చేశాయి. యుఫోరియా ‘ఫిర్ ధూమ్’ తెచ్చింది. సిల్క్ రూట్ ‘పహచాన్’ తెచ్చింది. ఇండియన్ ఓషన్ ‘కందీసా’ తెచ్చింది. ఏడాది ఒకటే, వినేవాళ్ళూ దాదాపు ఒకరే. ఫలితం మాత్రం మూడు రకాలు. ఒక ఆల్బమ్ నుంచి ఒక పాట దేశమంతా మోగింది. ఒక ఆల్బమ్ తర్వాత బ్యాండే విడిపోయింది. ఒక ఆల్బమ్ ఆ బ్యాండ్‌ను పాతికేళ్ళుగా నిలబెడుతూ వస్తోంది. ఇలా ఎందుకు జరిగిందో చూద్దాం.

ముందు కొన్ని మాటల అర్థం తెలుసుకోవాలి. స్టూడియో ఆల్బమ్ అంటే స్టూడియోలో రికార్డు చేసి, తప్పులు దిద్ది, ఒక వరుసలో కూర్చిన పాటల సంపుటి. జనం ముందు వాయిస్తుండగా రికార్డు చేసేది లైవ్ ఆల్బమ్. పాప్ రాక్ అంటే గిటారు, డ్రమ్స్ ఊపు ఉంటూనే, ఒకసారి వింటే నోటికి వచ్చేసే పల్లవి ఉన్న సంగీతం. యుఫోరియా, సిల్క్ రూట్ ఈ కోవలోవి. ఇండియన్ ఓషన్‌ది ఫ్యూజన్ రాక్ (మన రాగాలు, జానపదం, తబలా కలిసిన రాక్). మూడింటికీ ఉమ్మడి లక్షణం ఒకటుంది. ఇవి సినిమా పాటలు కావు.

తెలుగు పాఠకుడు ఇక్కడే కాస్త ఆగాలి. మనకు పాట అంటే సినిమా పాటే. ఛత్తీస్‌గఢ్‌లోని మా భిలాయి తెలుగువాళ్ళకు మాత్రం ఈ బ్యాండ్లు ముందే పరిచయం అయ్యాయి. ఇక్కడ సోవియట్ సహకారంతో ఉక్కు కర్మాగారం కట్టాలని ఒప్పందం జరిగింది 1955లో. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుప ఖనిజాన్ని కరిగించే కొలిమి) మొదలైంది 1959 ఫిబ్రవరిలో. ఆ రోజుల్లోనూ ఆ తర్వాతా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వేల కుటుంబాలు పనికోసం వచ్చి సెక్టార్లలో, ఖుర్సీపార్‌లో, క్యాంపుల్లో స్థిరపడ్డాయి. వాళ్ళ పిల్లలకు ఇంట్లో తెలుగు, బళ్ళో హిందీ. తండ్రి నైట్ షిఫ్ట్ చేసి వచ్చి ఘంటసాల పద్యం పెట్టుకుంటే, కొడుకు సాయంత్రం కేబుల్‌లో మ్యూజిక్ చానల్ పెట్టేవాడు. పవర్ హౌస్ బజారులో క్యాసెట్ కొనుక్కుని తిప్పి తిప్పి వినేవాడు. హిందీ బ్యాండ్ల పాటలు ఆ తరానికి సొంత పాటలయ్యాయి. ఊరు మధ్యప్రదేశ్‌లోంచి కొత్త రాష్ట్రం ఛత్తీస్‌గఢ్‌లోకి మారింది కూడా 2000లోనే, నవంబరు 1న.

ఇక అసలు సంగతి. మొదటి ఆల్బమ్ హిట్టయితే రెండోది దెబ్బతింటుందనే భయం అన్ని దేశాల్లోనూ ఉంది. మన సినిమావాళ్ళు ద్వితీయ విఘ్నం అంటారు. దీన్ని దిష్టి అనుకోనక్కర్లేదు. మొదటి కారణం కాలం. యుఫోరియా 1988లో ఢిల్లీలోని ఒక వైద్య కళాశాలలో మొదలైంది. గాయకుడు పలాశ్ సేన్ వైద్య విద్యార్థి, తర్వాత డాక్టరయ్యాడు. మొదట్లో ఇంగ్లీషు పాటలు పాడేవాళ్ళు. హిందీకి మారాక, 1998లో ‘ధూమ్’ వచ్చింది. అంటే మొదటి ఆల్బమ్ వెనక పదేళ్ళ సాధన ఉంది. ఆ పదేళ్ళలో కట్టినవాటిలోంచి మంచివి ఏరుకునే వీలుంది. రెండో ఆల్బమ్‌కు దొరికింది రెండేళ్ళు. ఆ రెండేళ్ళలోనూ ఎక్కువ రోజులు ఊరూరా కచేరీలకే పోతాయి. ఏరుకోవడానికి కుప్ప ఉండదు.

రెండో కారణం పాట జనానికి చేరే దారి. సినిమా పాటకు సినిమాయే ప్రచారం. బ్యాండ్ పాటకు అది లేదు. 1990ల్లో దానికి ఉన్న ఒకే పెద్ద దారి మ్యూజిక్ వీడియో. చానల్ వీ 1994లో, ఎమ్‌టీవీ ఇండియా 1996లో వచ్చాయి. వాటికి రోజంతా చూపించడానికి సరుకు కావాలి. కంపెనీ డబ్బు పెట్టి వీడియో తీయిస్తే, చానల్ దాన్ని పదే పదే వేసేది, క్యాసెట్లు అమ్ముడయ్యేవి. అయితే వీడియోకు ఖర్చు ఎక్కువ. ఆల్బమ్‌లో ఒకటి రెండు పాటలకే తీస్తారు. మిగతావి క్యాసెట్ కొన్నవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియవు. కాబట్టి ఆల్బమ్ భవిష్యత్తు ఆ ఒక్క పాట మీద ఆధారపడుతుంది.

‘ఫిర్ ధూమ్’కు ఆ పాట దొరికింది. అది ‘మాయెరీ’. విరహంలో ఉన్న కుర్రవాడు తల్లితో గోడు చెప్పుకునే పాట. పంజాబీ జానపదపు ధోరణి, కింద గిటారు. హాస్టళ్ళలో గిటారు చేతపట్టిన ప్రతి కుర్రవాడూ దాన్ని పాడాడు. యుఫోరియా వీడియోలకు పేరు తెచ్చిన దర్శకుడు ప్రదీప్ సర్కార్ తర్వాత ‘పరిణీత’ (2005) తీశాడు. అందులో నాయిక విద్యా బాలన్ అంతకుముందు యుఫోరియా మూడో ఆల్బమ్ వీడియోలో కనిపించింది. పాటను చిన్న కథగా చూపించడం వాళ్ళ బలం. అయితే ‘ఫిర్ ధూమ్’ అన్న పేరులోనే మొదటిదాన్ని మళ్ళీ ఇస్తాం అనే హామీ ఉంది. కంపెనీలు కోరేదీ అదే. నా మటుకు నాకు ఆ ఆల్బమ్ మొత్తం కన్నా ‘మాయెరీ’ ఒక్కటే గుర్తుంది. విన్నవాళ్ళలో చాలామంది అనుభవం ఇదే అనుకుంటాను.

సిల్క్ రూట్ కథ ఇంకా కష్టం. 1998లో వచ్చిన ‘బూందే’ ఆల్బమ్‌లోని ‘డూబా డూబా’ పాట మెత్తగా, తొందర లేకుండా సాగుతుంది. గాయకుడు మోహిత్ చౌహాన్ హిమాచల్‌ప్రదేశ్‌లోని నాహన్‌వాడు. ఆ గొంతులో అరుపు లేదు, ఆరాటం లేదు. అది జనానికి కొత్తగా తోచింది. ‘పహచాన్’లోనూ గొంతు అదే, నెమ్మది అదే. కానీ ‘డూబా డూబా’లా జనం నోట నానిన పాట అందులోంచి రాలేదు. పైగా అప్పటికి బజారు మారుతోంది. ఎమ్‌పీ3 సీడీలు వచ్చాయి. ఒక్క సీడీలో వంద పైగా పాటలు ఫుట్‌పాత్ మీద దొరుకుతుంటే క్యాసెట్ కొనేవారు తగ్గారు. కంపెనీలు బ్యాండ్ల మీద పెట్టుబడి తగ్గించాయి. మ్యూజిక్ చానళ్ళు సినిమా పాటల వైపు, రీమిక్స్‌ల వైపు మళ్ళాయి. ఆ తర్వాత సిల్క్ రూట్ విడిపోయింది. మోహిత్‌కు మళ్ళీ దేశవ్యాప్తంగా పేరు తెచ్చింది 2007లో ‘జబ్ వీ మెట్’ సినిమాలోని పాట. అంటే అదే గొంతు, ఈసారి సినిమా దారిలో వచ్చింది. ‘పహచాన్’ బాగుందా లేదా అన్న ప్రశ్న కన్నా, అది ఏ దారిన, ఏ సమయంలో వచ్చింది అన్నదే దాని ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించిందని నా అభిప్రాయం.

మూడోది ‘కందీసా’. ఇండియన్ ఓషన్ మొదటి ఆల్బమ్ 1993లో వచ్చింది. అందులో వాద్యసంగీతమే ఎక్కువ. 1997లో ‘డెజర్ట్ రెయిన్’ వచ్చింది. అది లైవ్ ఆల్బమ్. వీధి నాటక కళాకారుడు సఫ్దర్ హాష్మీ స్మృతిలో ఢిల్లీలో జరిగిన కచేరీ రికార్డింగ్. కాబట్టి లెక్కకు రెండో స్టూడియో ఆల్బమ్ ‘కందీసా’యే. మొదటిదానికీ దీనికీ మధ్య ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళు ఖాళీగా పోలేదు. ఢిల్లీ కరోల్ బాగ్‌లో ఖజూర్ రోడ్డు మీద ఉన్న ఒక పాత బంగళాలో కూర్చుని, గంటల తరబడి కలిసి వాయిస్తూ పాటను కట్టడం వాళ్ళ పద్ధతి. సుస్మిత్ సేన్ గిటారు, అశీం చక్రవర్తి తబలా, గాత్రం, రాహుల్ రామ్ బేస్ గిటారు, గాత్రం, అమిత్ కిలం డ్రమ్స్.

అందులోని పాటలు ఎక్కడెక్కడి నుంచి వచ్చాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ‘కందీసా’ కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థన. భాష సిరియాక్ (అరమాయిక్ నుంచి వచ్చిన ప్రాచీన ప్రార్థన భాష). ‘హిల్లే రే’ కవి గోరఖ్ పాండే రాసిన భోజ్‌పురి పాట. ‘మా రేవా’ నర్మదమ్మను కొలిచే పాట. రాహుల్ రామ్ అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పర్యావరణ విషశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి వచ్చి, నర్మదా బచావో ఆందోళనలో (నర్మద మీద ఆనకట్టలకు వ్యతిరేకంగా సాగిన ఉద్యమం) పనిచేశాడు. నర్మదా లోయ పాట అలా బ్యాండ్‌లోకి వచ్చింది. నర్మద పుట్టేది ఛత్తీస్‌గఢ్ సరిహద్దును ఆనుకుని ఉన్న అమర్‌కంటక్‌లో. పుణ్యానికి అమర్‌కంటక్ వెళ్ళివచ్చిన భిలాయి ఇళ్ళల్లో ‘మా రేవా’ రాక్ పాటలా వినిపించలేదు. భక్తి పాటలాగే వినిపించింది.

‘కందీసా’ పాటను దగ్గరగా వినండి. గొంతు నెమ్మదిగా, దీర్ఘంగా సాగుతుంది. వినేవాళ్ళలో చాలామందికి అర్థం తెలియదు. తెలియకపోయినా అది మొక్కు అని తెలుస్తుంది. గిటారు తీగల్ని మోతగా కొట్టరు. ఒక్కొక్క స్వరం పలికిస్తారు. తబలా, డ్రమ్స్ పోటీపడవు. ఒకటి ఆగినచోట ఇంకొకటి అందుకుంటుంది. వీడియో కోసం కుదించిన మూడు నిమిషాల పాట కాదిది. పెరగడానికి దానికి సమయం ఇచ్చారు.

ఇలా సమయం తీసుకుని, జనం ముందు పాడి పాడి దిద్దుకోవడం భిలాయికి కొత్త కాదు. ఈ ఊరి పక్క గనియారీలో పుట్టిన తీజన్ బాయి భిలాయి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం చేస్తూనే పండవానీని (మహాభారతాన్ని ఆడుతూ పాడుతూ చెప్పే కళ) ప్రపంచానికి తీసుకెళ్ళింది. 2019లో ఆమెకు పద్మవిభూషణ్ ఇచ్చారు. చేతిలో తంబూరా ఒకటే, ఒకసారి అది భీముడి గద, ఇంకోసారి అర్జునుడి విల్లు. ఎక్కడ ఆపితే జనం ఊపిరి బిగబడతారో రాత్రుల తరబడి ఆడితేనే తెలుస్తుంది. ‘కందీసా’ పాటల్లో ఆ రకమైన పరిణతి ఉంది.

ఫలితం వెంటనే కనిపించింది. టైమ్స్ మ్యూజిక్ విడుదల చేసిన ఈ ఆల్బమ్‌తో ఇండియన్ ఓషన్ పేరు ఢిల్లీ దాటి దేశమంతా తెలిసింది. తర్వాత ‘ఝీనీ’ (2003), ‘బ్లాక్ ఫ్రైడే’ సినిమా సంగీతం వచ్చాయి. చానళ్ళు బ్యాండ్లను వదిలేసిన రోజుల్లోనూ వీళ్ళు నిలబడ్డారు. కారణం వాళ్ళ ఆదరణ టీవీ మీద ఆధారపడలేదు. అది కచేరీల్లో, ఒక్కొక్క శ్రోతతో పెరిగింది. ఏ ఊరు వెళ్ళినా జనం ‘కందీసా’ పాడమని అడగడం మానలేదు.

తొలి తీర్పే చివరి తీర్పు కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. అమెరికా బ్యాండ్ వీజర్ 1996లో తన రెండో ఆల్బమ్ ‘పింకర్టన్’ తెచ్చింది. రోలింగ్ స్టోన్ పత్రిక పాఠకులు దాన్ని ఆ ఏటి అధ్వాన్న ఆల్బమ్‌ల్లో ఒకటిగా ఎంచారు. 2004లో అదే పత్రిక దానికి 5 నక్షత్రాలు ఇచ్చింది. ఆల్బమ్ మారలేదు. వినే తరం మారింది. ‘పహచాన్’ను ఇవాళ విడిగా, ‘డూబా డూబా’తో పోల్చకుండా వింటే దానికీ న్యాయం జరుగుతుంది.

ఇప్పుడు ఈ మాట ఎందుకంటే, రెండో ఆల్బమ్ అన్నదే అరుదవుతోంది. ఫోనులో వినేవారికి ఆల్బమ్‌తో పనిలేదు, బ్యాండ్లు ఒక్కొక్క పాటే వదులుతున్నాయి. ఇండియన్ ఓషనే 2010లో ‘16/330 ఖజూర్ రోడ్’ ఆల్బమ్ పాటల్ని ఇంటర్నెట్‌లో నెలకొకటి చొప్పున ఉచితంగా ఇచ్చింది. అయినా పాత పద్ధతి పూర్తిగా పోలేదు. హిందీ రాక్ బ్యాండ్ ద లోకల్ ట్రెయిన్ 2015లో ‘ఆలస్ కా పేడ్’, 2018లో ‘వాకిఫ్’ తెచ్చింది. మధ్యలో మూడేళ్ళు. వాళ్ళ పాటలు పాకింది యూట్యూబ్‌లో, కాలేజీ పండగల్లో. రాయ్‌పూర్, భిలాయి కాలేజీ పిల్లలకు ఇవాళ ఆ పేరు చెబితే చాలు, పాట వాళ్ళే అందుకుంటారు.