మందు కల్లు సీమలో తల్లుల అర్జీ

పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెలలో ప్రొద్దు వాలు వేళ కల్లు దుకాణమునకు పోవు దారిలో నిలిచి చూచిన, కైకిలి (కూలిపని) ముగించుకొని వచ్చు పెద్దలతో బాటు, చేత ఖాళీ సీసా పట్టుకొని తాతకో నాయనకో కల్లు తెచ్చుటకై పోవు పది పన్నెండేండ్ల బాలురును కనబడుదురు. ఆ దృశ్యము మనకెంత అలవాటైపోయినదనగా, అందులో పట్టించుకొనవలసినది కలదన్న తలంపే పుట్టదు. బోనాలకును, దసరాకును, పెండ్లికిని, దినవారములకును కల్లు ముట్టని యిండ్లు ఈ సీమలో అరుదు. మోకు ముస్తాదులతో ప్రాణమునకు తెగించి తాడెక్కి, కుటుంబమును పోషించుకొను గౌడన్న కులవృత్తిని నిందించుట నా అభిమతము కాదు. నేను చెప్పబూనినది చెట్టు నుండి దిగని కల్లును గూర్చి. దాని తొలి గుక్క పిల్లవాని నోట పడినది మొదలు, వాడు పదునెనిమిదేండ్లు నిండకమునుపే వణకు చేతులతో ఆసుపత్రి మెట్లపై కూలబడుదాక, వాని వెంట పరుగులెత్తు తల్లిదండ్రులను గూర్చి.

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలలో జనులు చెట్టు నుండి దిగని ఆ కల్లును ‘మందు కల్లు’ అందురు. చెట్లు తక్కువ, త్రాగువారెక్కువ. ఆ వెలితిని నీటితోను శాకరిన్‌తోను పూడ్చి, కైపు కొరకు మత్తుమందు కలుపుదురు. 1832లో జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ తయారుచేయగా 1869 నుండి వైద్యులు నిద్రమందుగా వాడిన క్లోరల్ హైడ్రేట్, 1960ల నాడు ఆందోళనకు ఔషధముగా వెలువడి మనవారి నోట ‘డైజోఫాం’ అయిన డైజిపామ్, దాని తరువాత వచ్చిన అల్ప్రాజోలం — ఇవన్నియు వైద్యుడు రోగిని చూచి, కొలత నిర్ణయించి, కొలది దినములకు మాత్రమే వ్రాయవలసిన మందులు. కల్లు సీసాలో వీనికి కొలత యెక్కడిది? నేడొక పాలు, రేపు మూడు పాళ్లు. విడువక పుచ్చుకొన్న దేహము కొన్ని వారములకే ఆ మందు లేనిదే నిలువజాలని స్థితికి వచ్చును. అంతకన్న దారుణమేమనగా, తానొక ఔషధమునకు బానిసనైతినన్న ఎరుక త్రాగువానికి ఉండదు. తాను త్రాగునది కల్లేయని వాని నమ్మకము.

ఈ సంగతి 2015 సెప్టెంబరులో అందరి కండ్లయెదుట బయటపడినది. కల్తీపై ప్రభుత్వము ఒక్కసారిగా కన్నెర్రజేయగా, దుకాణములలో మందు పాలు పడిపోయెను. పడిపోయిన రెండు మూడు దినములకే మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాలలో స్త్రీలు పురుషులు వందల సంఖ్యలో వింతగా ప్రవర్తింపజొచ్చిరి. చేతులు వణకినవి, మూర్ఛలు వచ్చినవి, నిద్ర పారిపోయినది. ఎదుట లేనివారితో మాటలాడువారును, గోడపై పురుగులు ప్రాకుచున్నవని కేకలు వేయువారును ఇంటింట కనబడిరి. వారిని పట్టి, కట్టి, ఆటోలలో వేసికొని బంధువులు ఆసుపత్రులకు పరుగెత్తిరి; పలువురు మరణించినట్లు ఆనాటి పత్రికలు వ్రాసినవి. అలవాటైన మత్తుమందు హఠాత్తుగా ఆగినపుడు దేహము చేయు తిరుగుబాటే అది. వైద్యుని పర్యవేక్షణలో, వారముల తరబడి, మెట్టు మెట్టుగా మోతాదు తగ్గించుటయే దానికి చికిత్స. కల్తీని అరికట్టుట ధర్మమే. కాని అరికట్టుటకు ముందు ఆసుపత్రులలో పడకలు, మందులు, వైద్యులు సిద్ధముగా ఉండవలసినదన్న ఆలోచన లేకపోవుట వలన, దాడి యొక్క శిక్ష కల్తీ చేసినవానికి గాక త్రాగినవానికి పడినది. ఆ పాఠమును మనము పూర్తిగా నేర్చుకొంటిమని నేననుకొనను. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు మరల ప్రాణములు తీసినది.

కల్లు ఒక్కటియే అయినచో తల్లిదండ్రులకు శత్రువు ఎక్కడున్నాడో తెలిసియుండును. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు మన్యము నుండి హైదరాబాదునకు పోవు ఎండు గంజాయికి కోదాడ, సూర్యాపేట, నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా సాగు 65వ జాతీయ రహదారి ఒక నడవ. రవాణా నడచు బాటలో కొంత సరకు రాలిపోవుట సహజము, ఆ రాలినది కళాశాల వెనుక చెట్లక్రిందికి చేరును. 2024 ఆరంభమున, పూర్వము పాలమూరు జిల్లాలోనిదైన కొత్తూరు ప్రాంతమున గంజాయి కలిపిన చాక్లెట్లు పట్టుబడినప్పుడు, మిఠాయి కాగితములో చుట్టివచ్చు విషమును ఎట్లు పసికట్టవలెనో తెలియక తల్లులు దిగ్భ్రమ చెందిరి. ఇక పంక్చరు అతికించు సొల్యూషను, అక్షరములు చెరుపు వైట్‌నరు — ఇవి మామూలు వాడుక వస్తువులే. పీల్చిన పిల్లవాని గుండె మొదటి దినముననే లయ తప్పి ఆగిపోవచ్చును. ఎయిమ్స్ వారి ఆధ్వర్యమున జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వేలో పీల్చు మత్తుపదార్థముల వాడకము పెద్దలలో నూటికి 0.58 కాగా, పది నుండి పదునేడేండ్ల వారిలో 1.17, పెద్దలకన్న పిల్లలే ముందున్న మత్తు అది. ఆ సర్వే సైతము ఊరక జరుగలేదు. బచ్‌పన్ బచావో ఆందోళన్ అను బాలల హక్కుల సంస్థ సుప్రీంకోర్టు నాశ్రయింపగా, 2016 డిసెంబరు 14న న్యాయస్థానము కేంద్ర ప్రభుత్వమును ఆదేశించిన విషయములలో బాలల మత్తు వాడకముపై దేశవ్యాప్త సర్వే ఒకటి.

మరి తల్లిదండ్రులేల నోరు తెరువరు? ఈ ప్రశ్నకు సమాధానము ఒక్క మాటలో ఉన్నది: ఎర్రగడ్డ. హైదరాబాదులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల అక్కడ ఉండుటచే, ఆ ఊరి పేరే మన భాషలో తిట్టయినది. తిక్కగా మాటలాడినవానిని ‘ఎర్రగడ్డకు తోలియ్యాలె’ అని వేళాకోళము చేయని తెలంగాణ పల్లె లేదు. ఏ పేరుతో లోకమును తాను నవ్వించెనో ఆ చోటికే కన్నకొడుకును తీసికొనిపోవలసివచ్చిన తండ్రి మనఃస్థితిని ఊహింపుడు. నల్లగొండ నుండియైనను, మహబూబ్‌నగర్ నుండియైనను అది సుమారు వంద కిలోమీటర్లు. కొల్లాపూరు, అచ్చంపేట వైపువారికి ఇంకను దూరము. “పోరనికి సంబంధాలు రావు సారూ, ఆడపిల్ల పెండ్లి ఆగిపోతది” అను మాట ఇటువంటి యిండ్లలో మొదట వినవచ్చును. రోగము మాట తరువాత వచ్చును. కావున వానిని గదిలో పెట్టి గొళ్లెము వేయుదురు, మైసమ్మకు మ్రొక్కుకొందురు, బొంబాయికో పూనాకో వలసపోయిన మేస్త్రి వెంట పంపుదురు. పాలమూరు వలసల సంగతి తెలిసినవారికి ఇంకొకటియు తెలియును: తల్లిదండ్రులు ఏడెనిమిది నెలలు పరదేశమున ఇటుకలు మోయుచుండ, పిల్లవాడు ముసలి అవ్వ వద్ద పెరుగును, వాడు బడికి పోవుచున్నాడో, మిత్రులతో మరెక్కడికి పోవుచున్నాడో ఆ అవ్వ యెట్లు కనిపెట్టగలదు?

ఈ దాపరికములో ఒక అపరాధభావము కూడ కలదు. దానిని దాటి పోవుట నాకిష్టము లేదు. పసిబిడ్డ ఏడ్చిన నిద్రపట్టుటకని గుక్కెడు కల్లు పోసిన చేయి, పండుగనాడు ముద్దుగా గ్లాసందించిన చేయి మన యింటిదే. 2015 నాటి బాలన్యాయ చట్టము 77వ సెక్షను ప్రకారము వైద్యుని ఆజ్ఞ లేక బాలునకు మత్తుపదార్థమిచ్చుట ఏడేండ్ల వరకు కఠిన కారాగారమునకు అర్హమైన నేరము. తల్లులను జైలుకు పంపుమని నేననను. ఆ తప్పు తెలిసి చేసినది కాదని తెలిసికొన్ననాడే తల్లి తలయెత్తి ఆసుపత్రిని అడుగగలదని మాత్రమే నా భావము.

అడుగుటకు చట్టము ఆమె పక్షముననే ఉన్నది. ఆ సంగతి చెప్పువారు లేరు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టములో 64ఏ సెక్షను, స్వల్ప పరిమాణముతో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు గల ఆసుపత్రిలో చికిత్స పొందినచో అతనిని ప్రాసిక్యూషను నుండి తప్పించుచున్నది. పోలీసు భయముతో కొడుకును దాచు తండ్రికి ఈ ఒక్క వాక్యము ఎవరైన చదివి వినిపించిన ఎంత ఊరట! 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మత్తు వలన కలుగు రుగ్మతలను మనోవ్యాధులలో చేర్చి, నమోదు లేని కేంద్రములను నిషేధించి, రోగిని ఏ రూపమునను గొలుసులతో బంధింపరాదని శాసించినది. వ్యసన విముక్తి పేర వసూలు చేసి, కొట్టి, కట్టివేయు చోట్లకు పోయివచ్చిన కుటుంబములకు ఆ శాసనము విలువ తెలియును. అదే చట్టము 87వ సెక్షనున మైనరును పెద్దలతో కలిపి ఉంచరాదనియు, చేరినంత కాలము తల్లియో తండ్రియో సంరక్షకుడో, లేక వారు నియమించిన సహాయకుడో వెంట ఉండవలెననియు చెప్పుచున్నది. కరుణ గల నియమము. కాని దినకూలితో బ్రతుకు తల్లి నెల దినములు పడక ప్రక్కన కూర్చుండిన పొయ్యి యెట్లు వెలుగును? క్షయరోగికి పోషణార్థము నెలకు వేయి రూపాయలిచ్చు దేశమున, ఈ తల్లికి కైకిలి నష్టపరిహారమడుగుట అత్యాశ కాదు.

పడకలెక్కడ పెట్టవలెనన్న చర్చకు నేడు తావులేదు. మహబూబ్‌నగర్‌లో 2016లోను, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లోను, నాగర్‌కర్నూలు, వనపర్తులలో 2022లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైనవి. పూర్వపు నల్లగొండ జిల్లాలోని బీబీనగర్‌లో ఎయిమ్స్ వెలసినది. వైద్య కళాశాలయన్న మానసిక వైద్య విభాగము ఉండితీరవలెను. దానిలో కౌమారుల కొరకు వేరొక గది, అల్ప్రాజోలం మోతాదు క్రమముగా తగ్గించుట తెలిసిన వైద్యుడు, ఇంటికి పోయిన పిమ్మట ఆరు నెలలు ఫోనులోనైనను పలుకరించు కౌన్సెలరు — ఇంతమాత్రము లభించిన, ఎర్రగడ్డ అన్న పేరు పలుకకయే కొడుకు కోలుకొను అవకాశము కలుగును.

అడిగి సాధించుట ఈ జాతికి క్రొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు దిద్దుకొన్న స్త్రీలు, వర్ధినేని రోశమ్మ మొదలైనవారు, సారా దుకాణమునకు అడ్డుపడగా ఆ నిప్పు రాష్ట్రమంతట అంటుకొని 1993 అక్టోబరు 1న సారా నిషేధమునకు దారితీసినది. ఫ్లోరైడు నీరు త్రాగి బిడ్డల ఎముకలు వంకరలు పోవుచుండ ఎవరును వినకపోవుటచే, 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానమున 480 మంది అభ్యర్థులు నిలిచి, బ్యాలెట్టు కాగితమును పుస్తకము చేసి దేశమునకు తమ గోడు చూపిరి. అయితే సారాకు అడ్డుపడిన తల్లికి దుకాణము కంటికి కనబడెడిది. గంజాయి దుకాణము పిల్లవాని జేబులోనే ఉన్నది. కనుక నేటి తల్లులు దుకాణము ముందు మాత్రమే గాక ఆసుపత్రి వాకిటను, బడి వాకిటను నిలువవలసియున్నది.

బడి సంగతి వచ్చినది గనుక ఐస్‌లాండు మాట చెప్పెదను. 1998లో అక్కడి పదునైదు, పదునారేండ్ల పిల్లలలో నూటికి 42 మంది గడచిన నెలలో త్రాగి మైమరచితిమని చెప్పిరి. 2016 నాటికి ఆ సంఖ్య 5. తల్లిదండ్రులు కలిసి ఒడంబడికలు వ్రాసికొని, రాత్రులు వీధులలో తిరిగి పిల్లలను ఇంటికి పంపుటయు, ఆటపాటలకు ప్రభుత్వము ధనమిచ్చుటయు అందులో ముఖ్యములు. పిల్లలను మత్తు నుండి కాచుటకై మన బడులలో ఏర్పడుచున్న ప్రహరీ క్లబ్బులలో తల్లిదండ్రులకును స్థానము కలదు. ఆ కుర్చీ కాగితముపై నిండియుండుట చాలదు. వలసపోయినవారి పిల్లలకు పని కాలమంతయు హాస్టళ్లు తెరచియుంచుట, సాయంకాలము ఒక బంతి, ఒక మైదానము, ఒక పి.ఇ.టి. మాస్టరు — మత్తుపై గోడవ్రాతలకన్న నాకు వీనియందే నమ్మకమెక్కువ. ఇంట అనుమానము కలిగిననాడు 14446, 14416 నంబర్లకు ఉచితముగా ఫోను చేసి సలహా పొందవచ్చునన్న మాట ప్రతి రేషను దుకాణము గోడపై ఉండవలెను.

ప్రతి సోమవారము కలెక్టరేటులో ప్రజావాణి జరుగును. పింఛను రాలేదని, పట్టా పుస్తకము కాలేదని అర్జీలు చేతబట్టి జనము వరుసలో నిలుచుందురు. ఆ వరుసలో పది ఊళ్ల తల్లులు కలిసి నిలిచి, తమ మాటలలోనే ఒక కాగితము వ్రాయించి ఇయ్యగలరు: “మా జిల్లా దవాఖానల పోరగాండ్లకు యేరే వార్డు గావాలె. పోరనితోని ఉన్నన్ని దినాలు మాకు కైకిలి పైసలియ్యాలె. కల్లు దుకాణం మీద దాడి జేసే ముందుగాల దవాఖానల మందులు వెట్టుండ్రి.” క్రింద ఊరి పేరు, తల్లుల వ్రేలిముద్రలు చాలును. ఆ కాగితములో ఏ కొడుకు పేరును వ్రాయవలసిన పనిలేదు.