తుమ్ముల మాత్రయు ముదిమియును

మా సుల్తానాబాదు బియ్యపు మిల్లులకు పేరుగన్న యూరు. 2016వ సంవత్సరము వరకు కరీంనగరము జిల్లాలో నుండి, ఇప్పుడు పెద్దపల్లి జిల్లాలో చేరినది. శ్రీరామసాగరపు కాలువ నీరు పారిన పిదప ఈ ప్రాంతమున వరి పెరిగినది. వరివెంట మిల్లులు పెరిగినవి. మిల్లులవెంట దుమ్మును పెరిగినది. ఆ దుమ్ములో నేను ముప్పదియేండ్లు కూర్చుండి లెక్కలు వ్రాసితిని. కొలువు మానినను తుమ్ములు నన్ను మానలేదు. కోతల దినములు వచ్చి, వడ్లు తూర్పారబట్టు వేళకు ముక్కు కారుట, కన్నులు దురదపెట్టుట, ఒకదాని వెనుక నొకటిగా పది పదునైదు తుమ్ములు వచ్చుట నాకు ఏటేట కలుగునదే. ఈ యవస్థ మీలో పలువురకు నున్నది గనుకను, దానికి మనము వాడు మాత్రవలన నాకొకసారి ప్రాణము మీదికి వచ్చినది గనుకను, ఆ సంగతి మనవి చేయుచున్నాను.

మన దేహములో హిస్టమిన్ అను పదార్థ మొకటి కొన్ని కణములలో దాగియుండును. ఊరి కావలివాడు గాలికి కదలిన కొమ్మను చూచి దొంగ యనుకొని కేకలు పెట్టినట్లు, కొందరి దేహము ఊకదుమ్మును, పుప్పొడిని చూచి శత్రువని భ్రమపడి ఈ పదార్థమును వెలికి విడుచును. అది ముక్కులో తగిలిన తుమ్ములు, చర్మములో తగిలిన దద్దుర్లు. దీని ప్రభావమును 1910 ప్రాంతమున ఇంగ్లాండులో హెన్రీ డేల్ అను శాస్త్రజ్ఞుడు తెలిసికొనెను. దీనిని అడ్డగించు మందును 1937లో పారిసు నగరమందలి పాశ్చర్ సంస్థలో డేనియల్ బోవే, ఆన్ మేరీ స్టాబ్ అనువారు మొదట కనుగొనిరి. బోవేకు 1957లో నోబెల్ బహుమానము లభించెను. ఆ త్రోవన వచ్చినవే నేడు మన యంగళ్లలో దొరకు క్లోర్ ఫెనిరమిన్ మాత్రయు, అవిల్ అను పేర మన కందరకు తెలిసిన ఫెనిరమిన్ మాత్రయును.

ఈ మందు హిస్టమిన్ ను చంపదు. విందు బంతిలో ముందు వచ్చినవాడు పీట నాక్రమించిన, తరువాత వచ్చినవానికి చోటు దొరకనట్లు, హిస్టమిన్ కూర్చుండవలసిన చోట ఇది ముందుగా కూర్చుండును. అందుచేతనే దుమ్ములోనికి పోవుటకు ముందు వేసికొన్న మాత్ర, తుమ్ములు మొదలైన పిదప వేసికొన్న దానికంటె బాగుగ పనిచేయును. చిక్కేమనగా, పాతకాలపు మందులు ముక్కుతో నాగవు. మెదడులోనికిని పోవును. అక్కడ మనలను మేల్కొలిపి యుంచు పనిలో హిస్టమిన్ కు భాగమున్నది. దాని పీటమీదను ఇవి కూర్చుండును. నిద్ర వచ్చుట కిదియే కారణము. అంతేకాక, నోటిలో నీరూరుట, మలము కదలుట, మూత్రము వెడలుట యను పనులను నడిపించు మరియొక పదార్థమునకును ఇవి అడ్డుతగులును. ఈ రెండవ సంగతి నాకు అరువదియేడేండ్ల వయసువరకు తెలియదు.

ఆ సంవత్సరము కార్తీకమాసమున తుమ్ములు హెచ్చి, ప్రొద్దున నొక మాత్ర, మధ్యాహ్న మొక మాత్ర వేసికొంటిని. అవి నాలుగు మిల్లీగ్రాముల క్లోర్ ఫెనిరమిన్ మాత్రలు. నలువది యేండ్ల వయసులో నేను వేసికొన్నవియు నవియే గనుక నాకు భయము లేదు. సాయంకాలము ఒళ్లు వెచ్చగా నుండుటచేత అంగడికి పోయి జలుబునకు మందడిగితిని. అంగడివాడు వేరొక రంగు మాత్ర యిచ్చెను, దానిని వేసికొంటిని. రాత్రి నిద్రపట్టుటకని మొదటి రకపు మాత్ర మరియొకటి. రంగులు వేరైనచో మందులును వేరని నా తలంపు.

నడిరేయి మెలకువ వచ్చునప్పటికి నాలుక అంగిటి కంటుకొని యున్నది. ఏ గదిలో నున్నానో తెలియలేదు. మూత్రమునకని లేచి, గడప తట్టుకొని పడితిని. ఎముక విరుగలేదు, అది నా యదృష్టము. అంతకంటె ఘోర మేమనగా, మూత్రము రాలేదు. పొత్తికడుపు రాయివలె గట్టిపడి, తెల్లవారువరకు నేను పడిన బాధ చెప్ప శక్యము గాదు. ఉదయమున నా కుమారుడు ఆటోలో నాసుపత్రికి తీసికొనిపోగా, అక్కడ గొట్టము వేసి మూత్రము తీసిరి. మందుల చదువు చదువుచున్న నా మనుమరాలు ఇంటినుండి ఆ రెండు అట్టలను తెచ్చి, వెనుక చీమకాళ్లవంటి యక్షరములను చదివి, "తాతా, ఈ రెండు గోలీలల్ల ఉన్నది ఒక్కటే మందు గదా!" అనెను. జలుబు మాత్రలో జ్వరపు మందుతోడను, ముక్కుదిబ్బడ మందుతోడను క్లోర్ ఫెనిరమిన్ కూడ కలిసియున్నది. ఆ ముక్కుదిబ్బడ మందును మూత్రద్వారమును బిగించునదే యట! ఒక జబ్బునకు రెండు చేతులతో మందు తిని, రెండు విధముల దెబ్బతింటిని.

వైద్యుడు నాతో ననెను: "పెద్దయ్యా, నీవు నిన్న వేసికొన్న దానిలో సగము నేటికిని నీ యొంటిలోనే యున్నది. దానిమీద మరల వేసితివి." క్లోర్ ఫెనిరమిన్ సగము తరుగుటకు పెద్దవారిలో సుమా రిరువది గంటలు పట్టును. నాలుగు గంటల కొకసారి తుమ్ము వచ్చినదని నాలుగు గంటల కొకసారి మాత్ర వేసికొన్నచో, లోపలి నిలువ పెరుగుచునే యుండును. మిల్లు గోదాములో లెక్క చూచినవాడను. రాకడ హెచ్చి పోకడ తగ్గిన బస్తా లేమగునో నాకు వేరుగ చెప్పనక్కర లేదు. వయసు మీరినకొద్దీ మూత్రపిండములు, కాలేయము మెల్లబడును. పురుషులలో ప్రోస్టేటు గ్రంథి పెరిగి మూత్రమార్గము నొక్కును. ఈ కారణములచేతనే అమెరికా దేశపు వృద్ధవైద్య నిపుణులు, అరువదియైదేండ్లు దాటినవారికి ఈ పాత మందులను సాధ్యమైనంతవరకు ఇయ్యరాదని తమ జాబితాలో చేర్చిరి. నీటికాసు లనెడి కంటి జబ్బులో నొక రకము గలవారికిని ఇవి చెరుపు చేయును.

క్రొత్త మందులు లేకపోలేదు. మన పల్లెలలో సిట్రజిన్ అని పిలుచు సెటిరిజిన్ మెదడులోనికి తక్కువగ పోవును. పెద్దవారికి దినమునకు పది మిల్లీగ్రాములు, ఒక్కసారి. మూత్రపిండములు బలహీనమైనవారికి అందులో సగమే. నా రక్తమును పరీక్షించిన పిదప వైద్యుడు నాకు సగము మాత్రయే వ్రాసెను. అయినను దీనితోను కొందరికి మత్తు కలుగును. నాకు మొదటి వారము కలిగినది. ఫెక్సోఫెనడిన్ అను మరియొక మందు మత్తు కలిగించుట మిక్కిలి యరుదు. దానిని మంచినీటితోనే మింగవలెను, పండ్లరసముతో మింగినచో దేహమునకు సరిగా పట్టదు. విడువని దద్దుర్లకు వైద్యులు ఒక్కొక్కప్పుడు మోతాదు పెంచుట కలదు. అది వారు రోగిని చూచి చేయుపని.

ఇక కల్లు మాట. సాయంకాలము తాటివనమునకు పోవు అలవాటు మనలో చాలమందికి కలదు. దానిని గురించి తీర్పు చెప్పుటకు నేను రాలేదు. కాని ఈ మాత్రయు మత్తే, ఆ పానీయమును మత్తే. రెండును కలిసిన మత్తు వేరువేరుగ కలిగిన దానికంటె మిక్కుటము. పైగా మన తెలంగాణములో కొందరు కల్లులో ఆల్ప్రజోలము వంటి నిద్రమందులను కలుపుచు అధికారులకు పలుమారులు పట్టుబడిరి. అట్టిది త్రాగినవాడు తాను రెండు మత్తుమందులు తినుచున్నాననియే యెరుగడు. ఆ స్థితిలో మోటారుసైకి లెక్కుటయు, ట్రాక్టరు నడుపుటయు, తిరుగుచున్న మిల్లు పట్టాదగ్గర నిలుచుటయు ఎట్టివో మీరే యూహింపుడు.

పసిపిల్లల విషయము మరియు సున్నితమైనది. ఏడ్చు బిడ్డను నిద్రపుచ్చుటకు జలుబు మందు పోయు తల్లులను నేను చూచితిని. క్లోర్ ఫెనిరమిన్ తో ముక్కుదిబ్బడకు వాడు ఫినైలెఫ్రిన్ కలిపిన మందులను నాలుగేండ్లలోపు పిల్లలకు వాడరాదని సీసామీద ముద్రింపవలసినదిగా భారత ఔషధ నియంత్రణాధికారి 2023 డిసెంబరులో ఆజ్ఞాపించెను.

మాత్ర వేసికొన్నను తగ్గని దురదలు కొన్ని గలవు. గజ్జి పురుగువలన, తామర బూజువలన కలుగును. వాటికి ఈ మందు ఉపశమనమే గాని చికిత్స గాదు. వయ్యారిభామ మొక్క తగిలి పొక్కినచో, ఆ మొక్కకు దూరముగ నుండినగాని మాత్రవలన పెద్ద మేలు లేదు. తేనెటీగ కుట్టినప్పుడో, సూదిమందు పడనప్పుడో పెదవులు వాచి, గొంతు పట్టి, ఊపిరి యాడనిచో మాత్రకొరకు వెదకుచు కూర్చుండక వెంటనే 108కి ఫోను చేయవలెను. అప్పుడు ప్రాణము నిలుపునది అడ్రినలిన్ సూదిమందే.

నేనిప్పుడు మందుల నొక రేకుడబ్బాలో నుంచుచున్నాను. ప్రతి అట్టమీదను నా మనుమరాలు లోపలి మందు పేరును తెలుగున పెద్ద యక్షరములతో వ్రాసి పెట్టినది. అంగడిలో ఏ క్రొత్త మాత్ర యిచ్చినను, వేసికొనక ముందు ఆ పేరు చదివించుకొని డబ్బాలోని పేర్లతో సరిచూచెదను. మొన్నటి కోతలలో వడ్ల కుప్పలవైపు పోవలసి వచ్చినప్పుడు ముక్కునకు తడిగుడ్డ కట్టుకొని, వచ్చిన పిమ్మట కాచి చల్లార్చిన ఉప్పునీటితో ముక్కు కడుగుకొంటిని. రాత్రి భోజనానంతరము సగము మాత్ర. తుమ్ములు పూర్తిగ పోలేదు. దినమునకు నాలుగైదు వచ్చుచున్నవి.