నెత్తురును కొలుచు సమీక్షలు

1960వ సంవత్సరపు ఏప్రిల్ నెలలో లండన్ నగరమున ‘పీపింగ్ టామ్’ అను చిత్రము విడుదలయినప్పుడు, అచ్చటి పత్రికలలో సినిమా సమీక్షలు వ్రాయు పెద్దలలో పెక్కురు దానిపై ఒక్కుమ్మడిగా విరుచుకుపడిరి. చిత్రము బాగుండలేదని చెప్పి ఊరకుండక, దానిని తీసినవాని మనస్సునందే ఏదో కుళ్ళు చేరినదన్న ధోరణిలో వ్రాసిరి. తీసినవాడు ఊరూ పేరూ లేనివాడు కాడు. ఎమెరిక్ ప్రెస్‌బర్గర్‌తో గూడి ‘బ్లాక్ నార్సిసస్’, ‘ది రెడ్ షూస్’ వంటి వర్ణచిత్రములను నిర్మించి, ఆంగ్లేయ చలనచిత్రకళకు దేశదేశముల మన్నన సంపాదించిపెట్టిన మైకేల్ పవెల్. అంతటివాని చిత్రమును అచిరకాలముననే థియేటర్లనుండి తొలగించిరి. స్వదేశమున ఆయన వృత్తిజీవితము మరల మునుపటివలె కోలుకొనలేదు.

ఇంతకును ఆ చిత్రమున నున్నదేమి? మార్క్ అను యువకుడు సినిమా స్టూడియోలో కెమెరా సహాయకుడు. భయమును గూర్చి పరిశోధనలు చేసిన అతని తండ్రి, కన్నకొడుకునే ప్రయోగవస్తువుగా జేసికొని, పసితనమున వానిని బెదరగొట్టి, ఆ బెదరిన ముఖమును ఫిల్ముపై కెక్కించుచుండెడివాడు. పెరిగి పెద్దవాడైన మార్క్, కెమెరా నిలుపు ముక్కాలిపీట కాలిలో కత్తిని దాచి, స్త్రీలను చంపుచు, చావు నెదుట జూచుచున్న వారి ముఖములను చిత్రించుచుండును. ఆ పీటకు అమర్చిన మరియొక వస్తువు కూడ గలదు గాని, దాని సంగతి ఇకమీదట చూడబోవువారి కొరకై దాచుచున్నాను. నెత్తురు కొరకు వెదకువానికి ఈ చిత్రమున దొరకునది బహుస్వల్పము. అయినను అది ఊపిరాడనీయదు. ఏలయన, హంతకుని కెమెరా కంటిగుండనే మనము హతురాలిని చూచుచుందుము. టిక్కెట్టు కొని చీకటి హాలులో గూర్చుండి పరుల భయమును చూడగోరు మనకును, వానికిని గల చుట్టరికమును దర్శకుడు నోరు విప్పకయే ఎరుకపరచినాడు. పైగా ఆ తండ్రి పాత్రను పవెల్ తానే ధరించి, పసివాని పాత్రకు తన కుమారునే నిలిపెను.

ఆ విమర్శకుల అసహ్యము బూటకమని నేననను. వారు నిక్కముగనే కలతపడిరి. కాని ఆ కలత చిత్రములోని ఏ పనితనము వలన పుట్టినదో వెదకక, కలతనే తీర్పుగా ప్రకటించిరి. భయానకచిత్రముల సమీక్షలలో నేటికిని తరచుగా గానవచ్చు లోపమిదియే. సమీక్షకుడు తనకేమి కలిగెనో చెప్పును. అది ఎట్లు కలిగెనో చెప్పక విరమించును. 1979లో మార్టిన్ స్కోర్సేసే పూనికతో న్యూయార్క్ చలనచిత్రోత్సవమున ఆ చిత్రము మరల వెలుగు జూచినది. ‘సండే టైమ్స్’ విమర్శకురాలు డిలిస్ పవెల్ (ఇంటిపేరొకటే గాని దర్శకునితో ఆమెకు బంధుత్వము లేదు) తన పాత అభిప్రాయమును ఉపసంహరించుకొని 1994లో అదే పత్రికలో క్షమాపణ చెప్పుకొనెను. దర్శకుడు అప్పటికి నాలుగేండ్ల క్రిందటనే గతించియుండెను.

లండను పత్రికల అలజడి నడచిన యేడే, జూన్ నెలలో, న్యూయార్కున హిచ్‌కాక్ తీసిన ‘సైకో’ వెలువడెను. ఆయన లౌక్యుడు. విమర్శకులకు ముందుగా చిత్రమును చూపకుండ, జనముతోపాటు వారిని గూడ హాలులోనికి నడిపించి, ఆట మొదలయిన పిదప ఎవ్వరినీ లోనికి రానీయవలదని థియేటర్లవారికి కట్టడి చేసెను. ‘న్యూయార్క్ టైమ్స్’ విమర్శకుడు బాస్లీ క్రౌథర్ తొలుత చప్పగా వ్రాసి, సంవత్సరాంతమున ఆ యేటి మేటి పది చిత్రములలో దానిని జేర్చుకొనెను. స్నానపుగదిలోని హత్యాఘట్టము తెరపై ఇంచుమించు మూడు నిమిషములు మాత్రమే నడచును. దానిని చిత్రించుటకు ఏడు దినములు పట్టినది. నలుపు తెలుపుల చిత్రమగుటచే నెత్తురునకు మారుగా చాక్లెట్ పాకము చాలినది. ఎత్తిన చేయి, నీటి జల్లు, తెరచిన నోరు, స్నానపుగది తెరను పట్టుకొని జారు వ్రేళ్ళు—ఇట్టి తునుకలను ఒకదానివెంట నొకటి రెప్పపాటున అతికినారు. ఆ ఘట్టమునకు సంగీతమే వలదని దర్శకుడు తలంచియుండగా, బెర్నార్డ్ హెర్మన్ కేవలము తీగవాద్యములతో కీచుమను స్వరములను కూర్చి వినిపించి ఒప్పించెను. కత్తి దేహమున దిగుటను కన్నులార జూచితిమని ప్రేక్షకులు ప్రమాణము చేయుదురు. చూడనిదానిని చూచినట్లు నమ్మించిన ఆ కూర్పును విప్పి చూపుటయే అచ్చట సమీక్షకుని పని. గగుర్పొడిచినదని వ్రాసిపెట్టినంతమాత్రమున ఆ పని తీరదు.

ఈ వివేచనకు మనము పరదేశముల కేగనక్కరలేదు. భయమును, జుగుప్సను వేర్వేరు స్థాయిభావములుగా నిలిపి, భయానక బీభత్సములను రెండు రసములుగా విడదీసినవాడు భరతుడు. బీభత్సమునుండియే భయానకము పుట్టునని గూడ ఆయన చెప్పినాడు. రంగముపై మరణమును చూపరాదని నాట్యశాస్త్రము విధించగా, భాసుడు ‘ఊరుభంగము’లో దుర్యోధనుని ప్రేక్షకుల యెదుటనే చనిపోనిచ్చినాడు. తిక్కన తెనిగించిన సౌప్తికపర్వమున అశ్వత్థామ అర్ధరాత్రమున నిద్రించువారిని ఊచకోత కోయు ఘట్టమును మన తాతలు పురాణకాలక్షేపములలో విని, దానిని వ్రాసినవాని మనస్సును శంకింపలేదు. కాగా, బీభత్సమునుండి భయానకము పుట్టునన్న భరతుని మాట సినిమాకు అన్నివేళలా వర్తింపదని నాకు దోచును. 1942 నాటి ‘క్యాట్ పీపుల్’ నందు ఒక యువతి రాత్రివేళ నిర్జనమైన వీధిలో నడచిపోవుచుండును. వెనుక అడుగుల సవ్వడి వినబడి, ఆగిపోవును. ప్రేక్షకుడు మృగమునకై కాచుకొనియుండగా బుస్సుమని వచ్చి నిలుచునది బస్సు! అచ్చట జుగుప్సకు లేశమైనను చోటు లేదు. చాలని డబ్బుతో పని సాగించిన నిర్మాత వాల్ ల్యూటన్, దర్శకుడు జాక్ టూర్నర్, నీడలను శబ్దములను నమ్ముకొని భయమును మాత్రమే వడగట్టిరి.

మరి రెండును కలిసినచోట? 1960 నాటిదే మరియొక చిత్రము, ఫ్రాన్సు దేశమున జార్జ్ ఫ్రాంజూ తీసిన ‘కన్నులున్నవి, ముఖము లేదు’ అను భావము గల పేరుతో వెలసినది. ప్రమాదమున ముఖము చెడిన కుమార్తె కొరకు, అన్యుల కన్యల ముఖచర్మమును ఒలిచి అతుకజూచు వైద్యుని కథ యది. ఫ్రెంచి సెన్సారు కొరకు నెత్తురు మిక్కిలిగా నుండరాదనియు, ఆంగ్ల సెన్సారు కొరకు జంతుహింస కూడదనియు, జర్మను సెన్సారు కొరకు పిచ్చి శాస్త్రజ్ఞుడు వలదనియు నిర్మాత తనకు హితవు చెప్పెనని ఫ్రాంజూ వేడుకగా చెప్పుకొనెడివాడు. కథ జూచిన, ఆ మూడింటిలోనే పుట్టినది! కబేళాలపై ‘ల సాంగ్ దే బెత్’ అను డాక్యుమెంటరీని 1949లో తీసిన అనుభవముతో, శస్త్రచికిత్సా ఘట్టమును ఆయన ఆసుపత్రి రికార్డువలె నిర్వికారముగా, తొందరపాటు లేక చిత్రించెను. ఎడింబరో ఉత్సవమున కొందరు మూర్ఛిల్లిరట. నేనైతే ఆ ఘట్టముకంటె, తెల్లని ముసుగు వెనుకనుండి ఎడిత్ స్కోబ్ కన్నులు మాత్రము కదలు సన్నివేశములనే మరువలేను. జపానులో నొబువో నకగావా ‘జిగొకు’లో బౌద్ధనరకమును రంగులలో తెరపై కెత్తినదియు ఆ సంవత్సరముననే. గరుడపురాణపు శిక్షలను బాల్యముననే వినియున్న తెలుగు ప్రేక్షకునికి అది కొత్తగా దోచదు. ఏ జాతి భయములు ఆ జాతి మతమునుండియు, చట్టమునుండియు, ఇంటి కట్టుబాట్లనుండియు ఊరుచుండునని సమీక్షకుడు గుర్తెరుగనిచో, పరదేశపు చిత్రమును తన ఊరి కొలతతో కొలిచి చిన్నబుచ్చును.

మనలో రామ్ గోపాల్ వర్మ 1992లో ‘రాత్రి’ తీసినప్పుడు, రేవతి వెంటబడు అదృశ్యశక్తికి రూపమీయక, కెమెరా కదలికనే దానికి దేహముగా జేసెను. ప్రేక్షకుని కన్ను వేటాడువాని కన్నగుట ఇచ్చటను ఉన్నది గాని, అది పవెల్ చిత్రమువలె మనల నిలదీయదు. ఆస్ట్రియా దర్శకుడు మికాయెల్ హానెకె ‘ఫన్నీ గేమ్స్’లో నిలదీయుటయే పనిగా పెట్టుకొనెను: కుటుంబమును చెరబట్టిన యువకుడు మధ్యమధ్య కెమెరావైపు తిరిగి మనతోడనే మాటలాడును. తెలివైన చిత్రమే; అయినను బెత్తము పట్టుకొన్న పంతులు పాఠము చెప్పుచున్నట్లుండుటచే నాకు కొంత విసుగు పుట్టించినది.

హింసను చూపు థ్రిల్లర్లలో నేను పైన నిలుపుకొనునది దక్షిణ కొరియా దర్శకుడు బాంగ్ జూన్-హో 2003లో తీసిన ‘మెమరీస్ ఆఫ్ మర్డర్’. 1986 మొదలు 1991 వరకు హ్వసంగ్ ప్రాంతమున పదిమంది స్త్రీలు హతులైన నిజోదంతమే దానికి ఆధారము. సైనికపాలన నీడలో పనిచేయు పోలీసులకు శాస్త్రము తెలియదు, తన్నుట తెలియును. తెరపై హంతకునికంటె ఎక్కువగా కనబడునది, నిందితులను తన్నుటకు ముందు ఒక పోలీసువాడు గుడ్డతొడుగు తొడుగు బూటు. కడపట డిటెక్టివ్ నేరుగా కెమెరాలోనికి చూచును. అప్పటికి దొరకని హంతకుడు ఎన్నడైన హాలులో కూర్చుండునేమో, వాని కన్నులలోనికి చూడవలెనన్నది దర్శకుని ఊహ. 2019లో డి.ఎన్.ఏ. పరీక్షవలన హంతకుడు తేలినాడు. వేరొక హత్యకై యావజ్జీవ శిక్ష ననుభవించుచు అప్పటికే చెరలోనే యున్నాడు. ఆ చిత్రమును జైలులో చూచితిననియు, ఒక సినిమాగా తప్ప మరేమియు తోచలేదనియు 2020లో న్యాయస్థానమున చెప్పెను. ఆ న్యాయస్థానము నాడు కూడినది వానిని శిక్షించుటకు కాదు. ఆ హత్యలలో ఒకటి చేసినట్లు పోలీసులు బలవంతముగా ఒప్పించి చెరలో వేయగా, ఇంచుమించు ఇరువదియేండ్లు గడపిన వేరొక మనిషి కేసును తిరగదోడుటకు. ఆ డిసెంబరులో అతడు నిర్దోషి యని తీర్పు వచ్చినది.