నేలమాళిగలో సాఫ్ట్‌వేర్‌ సీసాలు!

2015 జూన్‌. గూగుల్‌లో ఇంటర్వ్యూకి వెళ్లొచ్చిన ఓ ఇంజినీరు ట్విటర్‌లో అక్కసు వెళ్లగక్కాడు. మీ ఇంజినీర్లలో 90 శాతం మంది వాడేది నేను రాసిన సాఫ్ట్‌వేరే... కానీ బోర్డు మీద ‘బైనరీ ట్రీ’ని తిరగేసి చూపలేదని నన్ను పొమ్మన్నారు అంటూ! ఆ ఇంజినీరు మాక్స్‌ హోవెల్‌. సాఫ్ట్‌వేర్‌ పేరు హోమ్‌బ్రూ. ఆ మాట న్యాయంగా లేదని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడనుకోండి. యాపిల్‌ మాత్రం ఆయన్ని పిలిచి ఉద్యోగమిచ్చింది.

ఇంతకీ ఏమిటీ హోమ్‌బ్రూ?

బొమ్మలూ బటన్లూ లేకుండా, నల్లటి తెరమీద ఓ ఆదేశం టైప్‌ చేస్తే పనిచేసే పరికరాలు కంప్యూటర్‌ ప్రపంచంలో బోలెడున్నాయి. ప్రోగ్రామర్లకు అవే పనిముట్లు. యాపిల్‌ మ్యాక్‌తో వాటిలో కొన్నే వస్తాయి. నెట్‌ నుంచి ఫైళ్లు దించిపెట్టే ‘డబ్ల్యూగెట్‌’ రాదు. పోనీ తెచ్చుకుందామా అంటే ఒక్కదానితో పోదు. దానికి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ కావాలి, దానికేమో భద్రతా సర్టిఫికెట్ల మూట కావాలి... అట్లకాడ కోసం బజారుకెళితే పెనం, పొయ్యి, గ్యాసుబండ కూడా మోసుకురావాల్సి వచ్చినట్టు! 2009లో హోవెల్‌ ఈ తలనొప్పికి రూబీ భాషలో మందు కనిపెట్టాడు. ‘బ్రూ ఇన్‌స్టాల్‌ డబ్ల్యూగెట్‌’ అని కొడితే చాలు... కావాల్సినవన్నీ వరసగా దిగి, వేటి చోట అవి కూర్చుంటాయి. లినక్స్‌ వాళ్లకు ఇలాంటి సౌకర్యం అంతకు చాలాముందే ఉంది. మ్యాక్‌ వాళ్లకు మాత్రం ఇదే ఇంటిపేరైపోయింది.

హోమ్‌బ్రూ అంటే ఇంట్లో కాచుకున్న బీరు. అందుకే లోపలి పేర్లన్నీ ఆ బాపతే! సరుకంతా చేరే ఫోల్డరు ‘సెల్లార్‌’, అంటే నేలమాళిగ. అందులో ఒక్కో పరికరం ఒక్కో ‘కెగ్‌’... పీపా అన్నమాట. ముందే తయారుచేసి ఉంచినవి ‘బాటిళ్లు’. ఏది ఎక్కడ దొరుకుతుంది, దానికి తోడు ఏమేం కావాలి అని రాసిపెట్టిన చిట్టా ‘ఫార్ములా’.

అసలు కీలకం ఈ ఫార్ములాలోనే ఉంది. సరుకు ఎక్కడుందో చెప్పడంతోపాటు దాని ‘వేలిముద్ర’ కూడా అందులో ఉంటుంది... 64 అక్షరాల పొడవున. దించుకున్న ఫైల్లో ఒక్క అక్షరం తేడా ఉన్నా ముద్ర కలవదు, పని అక్కడితో ఆగిపోతుంది. భేష్‌! మరి ఆ ముద్రని రాసేవాళ్ల కలాన్నే ఎవరైనా కాజేస్తే?

2018 జులై 31న దాదాపు అదే జరిగింది. హోమ్‌బ్రూని నడిపేది పెద్ద కంపెనీ కాదు, స్వచ్ఛందంగా పనిచేసే కొద్దిమంది. వచ్చిన ప్రతి మార్పునీ పరీక్షించే యంత్రాల కోసం 2013లో కిక్‌స్టార్టర్‌లో చందాలు పోగుచేసుకున్న చరిత్ర వాళ్లది. చిత్రమేమిటంటే, కన్నం పడింది ఆ పరీక్షలు నడిపే సర్వర్‌ దగ్గరే! అందరికీ కనిపించే పేజీలో ఓ రహస్య తాళంచెవి బయటపడి ఉంది. ఎరిక్‌ హోమ్స్‌ అనే భద్రతా పరిశోధకుడికి దాన్ని పట్టుకోవడానికి అరగంట పట్టింది, అంతే. దాంతో ఫార్ములాలను తిరగరాయొచ్చు, వేలిముద్రతో సహా! అదే దొంగచేతిలో పడి ఉంటే, మర్నాడు ‘బ్రూ’ అని కొట్టిన వాళ్లందరి కంప్యూటర్లలోకీ వాడు తలుపు తట్టకుండా దూరేవాడే.

హోమ్స్‌ ఆ పని చేయలేదు. నిర్వాహకులకు కబురుపెట్టాడు. వాళ్లు కొన్ని గంటల్లోనే తాళం మార్చేశారు. ఏ సరుకూ కల్తీ కాలేదని నిర్ధారించుకుని, జరిగిందంతా ఆగస్టు 5న దాచుకోకుండా ప్రకటించారు. ముఖ్యమైన మరికొన్ని విభాగాల్లోనూ ఒకరు చేసిన మార్పుని మరొకరు చూసి సరేనంటేనే లోపలికి వెళ్లేలా నిబంధన పెట్టారు.