తెర మీద ఇటుకల వ్యోమనౌక ఎలా కడతారు?

నీలం, బూడిద రంగు ఒళ్లు, పసుపు అద్దాలు. డెన్మార్క్‌కు చెందిన లెగో కంపెనీ 1978లో తెచ్చిన అంతరిక్ష బొమ్మల రూపం ఇది. ఆ పాత ముచ్చటతో కొత్త నౌకలు కట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చాలామంది ముందు కంప్యూటర్లోనే కడతారు.

ఎందుకు? ఇంట్లో డబ్బాలో ఉన్న ఇటుకలు కొన్నే. తెర మీద ఎన్ని కావాలంటే అన్ని! నచ్చకపోతే ఒక్క నొక్కుతో రంగు మార్చేయొచ్చు.

మరి ముక్కలు సరిగ్గా అతుకుతాయని కంప్యూటర్‌కు ఎలా తెలుసు? అంతా కొలతల్లోనే ఉంది. ఇటుక మీద పక్కపక్కనున్న రెండు బొడిపెల కేంద్రాల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6, పలుచని ముక్క అయిన పలక ఎత్తు 3.2. అంటే మూడు పలకలు పేరిస్తే ఒక ఇటుక ఎత్తు! 1995లో ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ జెస్సిమన్ రూపొందించిన సాఫ్ట్‌వేర్ ఎల్‌డ్రా ఈ లెక్కను 0.4 మిల్లీమీటర్ల చిన్న కొలతలుగా విడగొట్టింది. అందులో బొడిపెల దూరం 20, ఇటుక ఎత్తు 24, పలక ఎత్తు 8. అన్నీ పూర్ణసంఖ్యలే!

నౌక పూర్తయ్యాక స్టూడియో లాంటి సాఫ్ట్‌వేర్ ముక్కల జాబితా ఇస్తుంది. ఒక్కటి మరవకండి: తెర మీద రెక్క బరువుకు ఊడి పడదు, చేతిలో ఊడిపోవచ్చు. అందుకే చివరి పరీక్ష మీ వేళ్లదే!